వంతెన కింది అమ్మ

అన్‌దోంగ్
మార్చి మొదటివారం

వదినగారికి,

వియ్యాలవారి ఇల్లూ మరుగుదొడ్డీ ఎంత దూరంగా ఉంటే అంత మంచిదని మన పెద్దలు ఊరికే అనలేదు. ఆ లెక్కన మా అన్‌దోంగ్‌కీ మీ కున్‌సాన్‌కీ మధ్య ఇన్ని కొండలు ఉండటం మన రెండు కుటుంబాల అదృష్టం. కానీ ఇప్పుడు మీరు ఇన్‌చన్‌లో మా అబ్బాయి అద్దెగదిలో మీ అమ్మాయికి పురుడు చేస్తున్నారు. ఆ అమ్మాయి కన్న పెద్దపిల్ల నా ఇంట్లో ఉంది. కాబట్టి కొన్నాళ్లు సామెతను పక్కనబెట్టి సరుకు వివరాలు రాసుకోక తప్పదు.

సరుకు భద్రంగా చేరింది. ఉన్‌సిల్‌ని దింపిన మా తేగ్యు మిల్లులో షిఫ్టు ఉందంటూ ఒక్క పూటైనా ఉండకుండా తిరుగు రైలెక్కాడు. తండ్రి వెళ్తుంటే పిల్ల గొల్లుమంటుందని నేను ముందే మిఠాయి చేతిలో పట్టుకుని కూర్చున్నాను. అది ఏడవలేదు. గుమ్మంలో నిలబడి, రెండు చేతులూ పొట్టమీద పెట్టుకుని, "జాగ్రత్తగా వెళ్లిరండి నాన్నగారూ" అని వంగి దండం పెట్టింది. నాలుగేళ్ల పిల్ల. ఆ మర్యాద వాళ్ల నాన్నకి నలభై వచ్చినా రాదు. మిఠాయి నేనే తిన్నాను.

వచ్చీ రాగానే మా ఊరి వంతెన ఏదని అడిగింది. వాకిట్లోంచే కనిపిస్తుంది, చూపించాను. చాలాసేపు చూసింది. ఈ వయసులోనే భూగోళం మీద ఇంత ఆసక్తి ఉన్నందుకు ముచ్చటేసింది.

మనవడు చాలా అనాకారిగా ఉన్నాడని తేగ్యు చెప్పాడు. సంతోషం. రోజురోజుకీ ఇంకా అనాకారి కావాలని కోరుకుంటున్నాను. పసివాణ్ణి అందగాడంటే చెడ్డ చెవులు వింటాయని నేను నమ్మను. అయినా వినే చెవులు ఉంటే ఉండవచ్చు, మనకెందుకు గొడవ.

కోడలి ఒళ్లు ఎలా ఉందో రాయండి. అక్కడ ఇంటివాళ్ల ఫోను ఉందంటారు గాని, పుట్టుకకీ చావుకీ తప్ప పిలవరట. మన సంగతులు ఆ రెంటికీ మధ్యవి. అందుకే ఉత్తరం.

మిన్ హేరాన్

---

ఇన్‌చన్
మార్చి మధ్యలో

గౌరవనీయులైన వదినగారికి, ఉప్పు రొయ్యలమ్ముకునే నో గుమ్‌దాన్ వంగి వంగి రాయునది.

మీరు బళ్లో భాష నేర్పినవారు. నా రాతలో తప్పులుంటే ఎర్రసిరా పెట్టి తిప్పి పంపకండి. సిగ్గుతో చస్తాను.

మీ మనవడు మీరు కోరుకున్నంత అనాకారిగానే ఉన్నాడు. ఎండబెట్టిన స్క్విడ్ ముఖం. గొంతు మాత్రం చేపల వేలంపాట గొంతు. పిర్రల మీద నీలం మచ్చ పెద్దదే ఉంది. కడుపులోంచి బయటికి రానని మొరాయించాడు కదా, పిల్లల్నిచ్చే అవ్వదేవత గట్టిగానే చరిచి తోసింది.

ఓక్‌రిమ్ బాగానే ఉంది. పూటపూటా సముద్రపు నాచు చారు పోస్తున్నాను. గది నేల బాగా వేడిచేసి, కిటికీ సందులకు కాగితం అంటించాను. బాలింత ఎముకల్లోకి గాలి దూరితే ముసలితనం వచ్చినా అది బయటికి రాదు. నా మోకాళ్లే సాక్ష్యం. నూరో రోజు దాటేదాకా గడప దాటనివ్వను. చదవనివ్వను కూడా, కంటిచూపు పోతుంది. మీ ఉత్తరం నేనే చదివి వినిపించాను. విని ఊరుకుంది. బెంగేమీ పెట్టుకోలేదు. మీరు నిశ్చింతగా ఉండండి.

పిల్లని పంపడం నాకు మాత్రం ఇష్టమా వదినగారూ? ఉన్నది ఒక్క గది. ఓక్‌రిమ్‌కి పాలగడ్డలు కట్టి జ్వరం. పసివాడికి కన్ను అంటుకునేసరికి ఇది అమ్మ దుప్పట్లోకి దూరేది, వాడు లేచేవాడు, వాడు లేస్తే మేడమెట్ల కింద ఇంటావిడ కర్రతో పైకప్పు పొడిచేది. పెద్దదాన్ని చిన్నదాన్ని చేస్తాడు తమ్ముడనేవాడు. పాలసీసా కావాలంది, లంగోటీ కట్టమంది. నేను కట్టాను కూడా, నవ్వకండి.

ఒక సీసాడు ఉప్పు రొయ్యలు పంపుతున్నాను. మీవైపు వంటలు చప్పనని విన్నాను. తప్పుగా విని ఉంటాను.

---

అన్‌దోంగ్
మార్చి ఆఖరు

వదినగారికి,

రొయ్యలు అందాయి. బాగున్నాయని ఒప్పుకోవడానికి నాకు కొన్ని భోజనాలు పట్టాయి. ఒప్పుకుంటున్నాను.

ఇక పిల్ల సంగతి. మరీ మంచిగా ఉంటోంది. ఇన్నేళ్లు ఆడపిల్లల బడిలో పనిచేసినదాన్ని, మరీ మంచిగా ఉండే పిల్లంటే నాకు మొదట్నుంచీ అనుమానమే. అలాంటిదే ఒకత్తి ఏడాదంతా తలొంచుకు తిరిగి, పరీక్షల ముందు హాస్టలు గోడ దూకింది. మీ మనవరాలు లేవగానే తన దుప్పటి తానే మడతపెడుతుంది. మంచినీళ్లు తాగాలన్నా "తాగొచ్చా నాయనమ్మా" అని అడుగుతుంది. మొన్న సోయా పేస్టు గిన్నె పగలగొట్టింది. తిడతానేమోనని భయపడటం న్యాయం. అది అలా భయపడలేదు. "నన్ను ఇక్కణ్ణుంచి కూడా పంపేస్తావా" అని అడిగింది.

ఎక్కడికి పంపుతానే, నీకింక ఊళ్లేవీ మిగల్లేదు కదా అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నా హాస్యం ఈ ఇంట్లో ఇదివరకు ఇంత ఘోరంగా ఎప్పుడూ విఫలం కాలేదు.

రెండో సంగతి తిండి. గిన్నెలో సగం తింటుంది, మిగతాది మాయమవుతుంది. ఎక్కడికి పోతోందో నాకంటే ముందు మా పిల్లి కనిపెట్టింది. దుప్పట్ల బీరువాలో, పాత వార్తాపత్రికలో చుట్టి, అన్నం ముద్ద, సగం చిలగడదుంప, ఒక గుడ్డు, చేప తోకముక్క. వాసన గురించి రాయను.

ఎవరి కోసమే ఇదంతా అంటే పెదవులు బిగించింది. గట్టిగా అడిగితే "ఆకలేసినవాళ్ల కోసం" అంది.

ఇన్‌చన్‌లో పిల్లకి కడుపునిండా పెట్టేవారా అని అడగడం అమర్యాద. కాబట్టి నేను అడగడం లేదు. మీరే జవాబు రాయండి.

హేరాన్

---

ఇన్‌చన్
ఏప్రిల్ మొదట్లో

వదినగారికి,

మీరు అడగని ప్రశ్నకు నా జవాబు. మా వంశంలో ఎవరూ ఆకలికి అన్నం దాచుకోలేదు. యుద్ధం రోజుల్లో కూడా నా వాకిట్లోకి వచ్చిన వాళ్లకి గంజి పోశాను. నా మనవరాలు నా చేతికింద ఉన్నన్నాళ్లూ గిన్నె అడుగు నాకేది. అక్కడికొచ్చాక దాస్తోందంటే, దాచుకునేంత చప్పగా ఎవరు వండుతున్నారో దేవతలకే తెలియాలి.

ఇంతకన్నా రాస్తే మాట మిగలదు. ఓక్‌రిమ్ బాగానే ఉంది. మీ ఉత్తరం చదివి వినిపించాను. పసివాడు నిన్న మొదటిసారి నవ్వాడు. అనాకారి నవ్వే.

గుమ్‌దాన్

---

అన్‌దోంగ్
ఏప్రిల్ చివర, సంత మర్నాడు

వదినగారూ,

మీ జవాబుకి ఘాటైన జవాబు ఒకటి రాసి ఉంచాను. అది పొయ్యిలో వేశాను. ఈ ఉత్తరం కూర్చుని చదవండి.

నిన్న సంత. నేను ముల్లంగి బేరం చేసి వెనక్కి తిరిగేసరికి పిల్ల లేదు. ఆ తర్వాత నా కాళ్లు ఎలా నడిచాయో నాకు తెలియదు. టోఫూ అమ్మే జాంగ్ వాళ్ల కోడలు ఎదురొచ్చి, మీ పాప చేతిలో గిన్నె పట్టుకుని వాగువైపు దిగిందండీ, మీరు పంపారేమో అనుకున్నాను అంది.

వంతెన కింద, దూలం నీడలో, రాయి మీద కూర్చుని ఉంది. మూతపెట్టిన గిన్నె ఒళ్లో పెట్టుకుంది. రబ్బరు బూట్లు విప్పి పక్కన వరసగా పెట్టింది, ఎవరింటికో వెళ్లినట్టు. ఏడవడం లేదు. ఎదురుచూస్తోంది.

నేను తిట్టలేదు. తిట్టడానికి ఊపిరి లేదు. పక్కనే కూలబడి, ఎవరి కోసమే ఇక్కడ అన్నాను.

"మా అమ్మ కోసం."

"మీ అమ్మ ఇన్‌చన్‌లో ఉంది కదే."

"ఆ అమ్మ కాదు నాయనమ్మా. నన్ను ఇక్కడ పారేసుకున్న అమ్మ." నాకు అర్థం కాలేదనుకుందేమో, నెమ్మదిగా విడమరిచింది. "నేను దొరికానని ఆవిడకి ఎవరూ చెప్పి ఉండరు. ఇంకా వెతుకుతూనే ఉంటుంది. అన్నం కూడా తినదు."

బీరువాలో గుడ్డూ చేపతోకా ఎవరికోసమో అప్పుడు తెలిసింది వదినగారూ. మన మీద కోపంతో దాచుకున్నది కాదు. తన నోటి దగ్గరిది తీసి, తన కోసం ఏడుస్తున్న ఒక ఆడమనిషికి దాచింది. ఆ ఆడమనిషి లోకంలో లేదు. మనం పుట్టించాం.

కొంచెం కొంచెంగా అంతా రాబట్టాను. ఇన్‌చన్ అమ్మకి సొంతబాబు పుట్టాడు కాబట్టి, ఏరుకొచ్చిన పిల్లని ఏరుకున్న చోటికి పంపేశారట. ఇన్‌చన్ అమ్మ చెడ్డదేం కాదు, గది చిన్నది, అంది. ఆ రైలు ఎందుకెక్కించారో దానికి బాగా తెలుసు. అందుకే ఏడవలేదు. దండం పెట్టి వీడ్కోలు చెప్పింది. ఆ మర్యాద చూసి నేను మీకు మెచ్చుకుంటూ రాశాను.

ఎవరు చెప్పారే అంటే వేళ్లు మడిచింది. కింద ఇంటావిడ చెప్పింది, బియ్యం కొట్టాయన చెప్పాడు, నాన్న కూడా ఒకసారి నవ్వుతూ చెప్పాడు. "అన్‌దోంగ్ వంతెన అని అమ్మమ్మ చెప్పింది." ఇక్కడ నేను మీకు ఎంత గట్టిగా రాయవచ్చో మనసులో కూర్చుకుంటూ ఉండగానే చివరి వేలు మడిచింది. "నువ్వు కూడా చెప్పావుగా నాయనమ్మా."

చెప్పాను. వచ్చిన రోజున వంతెన ఏదని మాత్రమే అడగలేదు అది. "నేను దొరికిన వంతెన అదేనా" అని అడిగింది. అవునే, అదే, బాగా చూసుకో అని నవ్వాను. భూగోళం మీద ఆసక్తి అని మీకు రాశాను. మీకు రాసినదాంట్లో సగం మింగాను.

అప్పటికప్పుడు దిద్దుదామని కూర్చున్నాను. పాఠం చెప్పడం నాకు రాని పనా? చూడమ్మా, పెద్దవాళ్లు ప్రేమ ఎక్కువైనప్పుడు ఉల్టాగా మాట్లాడతారు అన్నాను. తమ్ముణ్ణి అందరూ అనాకారి అంటారు కదా, నిజంగా అనాకారా, ముద్దొచ్చే పిల్లాడు. అలాగే నిన్ను వంతెన కింద దొరికావంటారు, నిజానికి నువ్వు మా సొంతపిల్లవి.

విన్నది. శ్రద్ధగా ఆలోచించింది.

"అయితే నాయనమ్మా, నువ్వు ఇప్పుడు నన్ను సొంతపిల్ల అంటున్నావుగా. ఇది ఉల్టా మాటా?"

నీలం మచ్చ గుర్తొచ్చింది. నీ పిర్ర మీదా అవ్వదేవత చరిచిన మచ్చ ఉంటుంది, మీ తమ్ముడికి లాగే, చూద్దాం రా అన్నాను. ఇంటికెళ్లి చూశాం. దానిది ఎప్పుడో కరిగిపోయింది.

నాకేం చేయాలో తోచడం లేదు. మీ మీద కోపం కూడా రావడం లేదు. అది ఇంకా ఇబ్బందిగా ఉంది.

హేరాన్

---

ఇన్‌చన్
మే మొదట్లో

వదినగారూ,

నేనే అన్నాను. దాచను.

ఓక్‌రిమ్ పసివాడికి పాలిస్తుంటే అది ఒళ్లోకి ఎక్కబోయింది. గడ్డలు కట్టిన రొమ్ము, తగిలితే ఓక్‌రిమ్ గిలగిల్లాడింది. దాన్ని ఇవతలికి లాగడానికి అన్నాను, మారాం చేశావంటే అన్‌దోంగ్ వంతెన కిందికి పంపేస్తాం, మీ నాన్న నిన్ను అక్కడే ఏరుకొచ్చాడు అని. అన్‌దోంగ్ అని ఎందుకన్నానో అది కూడా చెప్తాను. మీ వైపు వంతెనైతే నింద మీ వైపు పోతుందని. మా వైపు వంతెన పేరు నా నోటికి రాలేదు.

నన్ను మా అమ్మ కున్‌సాన్ రేవు వంతెన కింద ఏరుకుంది. ఓక్‌రిమ్‌ని నేనూ అక్కడే ఏరుకున్నాను. ఈ దేశంలో వంతెన కింద దొరకని పిల్లెవరు వదినగారూ? ఏ తరంవాళ్లం నమ్మాం? కాసేపు ఏడ్చాం, అమ్మ నవ్వి ముక్కు తుడిచింది, అయిపోయింది. ఇది ఏడవలేదు. ఏడిస్తే నాకు తెలిసేది. ముక్కు తుడవడానికి నేనక్కడే ఉన్నాను. మర్నాడే మూటకట్టి నిజంగా అన్‌దోంగ్ రైలెక్కించాం.

ఇంకొకటుంది. మీరు సగం మింగానన్నారు కదా. నేను ముప్పాతిక మింగాను. మీ ఉత్తరాలు ఓక్‌రిమ్‌కి చదివేటప్పుడు, అన్నం దాచడం, గిన్నె పగలగొట్టడం, ఏవీ చదవలేదు. బాలింత మనసు కలత పడితే పాలు విరుగుతాయి. అందుకని నా సొంతంగా కల్పించి చదివాను. పిల్ల బాగా తింటోందట, పాడుతోందట, పిల్లితో ఆడుకుంటోందట, అమ్మని అసలు అడగడమే లేదట అని.

దానికి సంతోషిస్తుందనుకున్నాను. "అడగనే అడగడం లేదా అమ్మా" అని గోడవైపు తిరిగి పడుకుంటుంది. బెంగ లేదని మీకు రాశాను కదా. రోజూ ఏడుస్తోంది. నన్ను మరిచిపోయింది, చిన్నపిల్లలంతే అంటుంది. పాలు తగ్గుతున్నాయని నాచు చారు రెట్టింపు చేశాను. తప్పు నాచులో లేదు.

అక్కడ అది అమ్మ తనని వదిలేసిందనుకుంటోంది. ఇక్కడ ఇది బిడ్డ తనని మరిచిపోయిందనుకుంటోంది. నడుమ మనమిద్దరం ముసలివాళ్లం మర్యాదగా ఉత్తరాలు రాసుకుంటున్నాం.

మీ సంత ఉత్తరం ఇంకా దానికి చదవలేదు. చదవాలంటే నోరు రావడం లేదు. నూరో రోజు ఇంకెంతో దూరం లేదు. అప్పటిదాకా ఆగుదామా? మీరు చెప్పినట్టు చేస్తాను.

గుమ్‌దాన్

---

అన్‌దోంగ్
మే

వదినగారూ,

ఆగొద్దు. సంత ఉత్తరం చదవండి, ఆ తర్వాత ఇది చదవండి. రెండూ పైకి, ఓక్‌రిమ్ ఎదురుగా. ఒక్క ముక్క మింగినా నాకు తెలుస్తుంది. పాఠం ఎగ్గొట్టి చదివే పిల్లల్ని పట్టుకోవడం నా వృత్తి.

అమ్మాయ్ ఓక్‌రిమ్, మీ అత్తగారిని. నీ కూతురు పాడటం లేదు. పిల్లితో ఆడటం లేదు, పిల్లి దాని అన్నం దొంగ కాబట్టి. నిన్ను మరిచిపోవడం కాదు, రోజూ తలుచుకుంటోంది, కానీ అడగడానికి తనకి హక్కు లేదనుకుంటోంది. రాత్రి నా చెయ్యి తన పొట్టమీద వేసుకుని పడుకుంటుంది. నిద్రలో ఆ చెయ్యి తీసేస్తే మేలుకుని, "క్షమించండి" అంటుంది. నీ నుంచి దాచాం. తప్పు మా ఇద్దరిదీ.

ఇప్పుడు నా రోజు ఎలా గడుస్తోందో కూడా రాస్తాను. సంత నాటి నుంచీ మధ్యాహ్నం కాగానే పిల్ల గిన్నె పట్టుకుని నిలబడుతుంది. వద్దంటే ఒంటరిగా పోతుంది. కాబట్టి నేనూ వెళ్తున్నాను. ఇద్దరం వంతెన కింద రాయి మీద కూర్చుని, రాని మనిషి కోసం ఎదురుచూసి, అన్నం చల్లారాక తిరిగొస్తాం. వంతెన మీద పోయేవాళ్లు తొంగిచూస్తున్నారు. మిన్ టీచరుగారికి మతి చలించిందట అని పోస్టాఫీసులో అనుకున్నారట. పోస్టుమాస్టరు నా శిష్యురాలి మొగుడు కాబట్టి చాలా గౌరవంగా అనుకున్నాడు.

నిన్న, అమ్మ ఇవాళ కూడా రాలేదేమే అన్నాను. "రాత్రంతా వెతికి అలిసిపోయి ఉంటుంది" అంది. నా చేతిరుమాలు నేను వెతుక్కోవలసి వచ్చింది.

నేను చెప్తే అది నమ్మదు. నా నోటి మాట సూటిదో ఉల్టాదో దానికి తేలడం లేదు, తప్పు దానిది కాదు. ఇన్నేళ్లు చురకలేస్తూ బతికిన నోటికి ఇది తగిన శిక్షే. ఈ పాఠం నేను చెప్పగలిగేది కాదు. నువ్వేం చేయగలవో నువ్వే చెప్పు.

హేరాన్

---

ఇన్‌చన్
మే, ఎక్స్‌ప్రెస్ టపా

వదినగారూ,

చదివాను. రెండూ. ఒక్క ముక్క మింగలేదు, సాక్షి మీ మనవడు.

ఓక్‌రిమ్ ఏడవలేదు. చివరిదాకా విని, లేచి, కిటికీ సందుల్లో నేను అంటించిన కాగితం గోటితో చింపింది. గాలొస్తుందే అన్నాను. రానీ అంది. తర్వాత పసివాణ్ణి వీపుకి కట్టుకునే దుప్పటి ఏదని అడిగింది.

నేను నా ధర్మం చెప్పాను. నూరో రోజు దాకా ఆగవే, వాగు గాలి నీ ఎముకల్లో దూరుతుంది, పసివాడికి ఏదైనా సోకుతుంది, ఇన్నాళ్లు ఆగినదానివి ఆ కాసిని రోజులు ఆగలేవా అని. అది నా వైపు తిరిగి చాలా మెల్లగా అంది:

"నూరో రోజు వీడికి అమ్మా. అక్కడ దానికి ఎన్నో రోజో మనలో ఎవరైనా లెక్కపెట్టామా?"

వాదన మాని దుప్పటి తెచ్చిచ్చాను. వాదన మానడం నా జీవితంలో ఇది రెండోసారి. మొదటిసారి మా ఆయన పోయినప్పుడు.

శనివారం పొద్దున్న రైలెక్కుతోంది. అల్లుడికి సెలవు దొరకలేదు, స్టేషన్లో ఎక్కిస్తాడు. మీకు ఒక మాట రాయమంది, అదే మాటల్లో రాస్తున్నాను. "అత్తయ్యగారు స్టేషనుకి రావద్దు. పిల్లకి ఏమీ చెప్పవద్దు. రోజూ లాగే దాన్ని వంతెన దగ్గరికి తీసుకురమ్మనండి. వంతెన కింద అమ్మ ఉంటుందని అది అనుకుంటోంది కదా. ఉంటుంది."

నేను నా ఊరు పోతున్నాను. వసంతం రొయ్య పడే కాలం, కొట్టు మూసి చాలా రోజులైంది. వెళ్లేముందు దానికి రెండు జతల ఉన్ని మేజోళ్లు తొడిగాను. అంతకన్నా నా మాట చెల్లలేదు. జరిగింది జరిగినట్టు కున్‌సాన్‌కి రాయండి. రాసేదాకా నాకు అన్నం సయించదు.

గుమ్‌దాన్

---

అన్‌దోంగ్
మే చివర

వదినగారూ,

అన్నం తినండి. తిన్నాక చదవండి, చల్లారితే మీ వంట కూడా మా వంటలాగే ఉంటుంది.

శనివారం మధ్యాహ్నం మామూలుగానే బయల్దేరాం. ఆ రోజు గిన్నెలో బార్లీ అన్నం, గుడ్డు, మీ ఉప్పు రొయ్యలు. పిల్లే సర్దింది. దారిలో నేను గబగబా నడుస్తున్నానని అది గమనించి, "నెమ్మదిగా నడువు నాయనమ్మా, ఆవిడ రాకపోయినా ఫరవాలేదు" అని నన్ను ఓదార్చింది.

గట్టు దిగే మెట్ల దగ్గర నేను ఆగిపోయాను. మోకాలు నొప్పన్నాను. అది ఒక్కతే దిగింది.

ఓక్‌రిమ్ రాయి మీద కూర్చుని ఉంది. వీపున పసివాడు, కాళ్లకి మీ ఉన్ని మేజోళ్లు. అడుగుల చప్పుడు విని తలెత్తింది. పిల్ల ఆగింది. గిన్నె రెండు చేతులా పట్టుకుని అలాగే నిలబడి చూసింది. ఓక్‌రిమ్ కూడా కదల్లేదు. ఎంతసేపో నేను చెప్పలేను. నేను శ్వాస తీసుకోవడం లేదు కాబట్టి ఎక్కువసేపు అయి ఉండదు.

అప్పుడు పిల్ల అడిగింది. నేను ఎన్నో మాటలు ఊహించుకున్నాను, ఈ మాట ఊహించలేదు.

"అమ్మా, నిన్ను కూడా పంపేశారా?"

ఓక్‌రిమ్ తల అడ్డంగా ఊపింది. "లేదే. నా పిల్ల తప్పిపోయింది. వెతుక్కుంటూ వచ్చాను."

"దొరికిందా?"

"ఇప్పుడే."

మీ కూతురు నాలుగు మాటల్లో చేసింది వదినగారూ. నేను దీనికి తర్కశాస్త్రం బోధించాను.

అప్పుడు ఏడ్చింది పిల్ల. వచ్చిన రోజున ఏడవవలసినదీ, ఆ తర్వాతవీ అన్నీ కలిపి ఏడ్చింది. వంతెన మీద ఎద్దుబండి ఆగిపోయింది. పసివాడు లేచి తనూ మొదలుపెట్టాడు, మీరన్న చేపల వేలంపాటే. ఓక్‌రిమ్ ఒకణ్ణి వీపునా ఒకత్తిని ఒళ్లోనా వేసుకుని ముగ్గురూ ఏడ్చారు. నేను మెట్ల మీద నా పని నేను చూసుకున్నాను.

కుదుటపడ్డాక పిల్ల గిన్నె మూత తీసింది. తిను, రాత్రంతా వెతికి ఉంటావు అంది. ఓక్‌రిమ్ చల్లారిన ఆ బార్లీ అన్నం మెతుకు మిగలకుండా తింది. పిల్ల ఎదురుగా కూర్చుని ప్రతి ముద్దా లోపలికి వెళ్లిందో లేదో చూసింది. ఆ తర్వాత తమ్ముడి ముఖంలోకి వంగి, "వీణ్ణి కూడా ఇక్కడే ఏరుకున్నావా" అని అడిగింది.

"నిన్నూ, వీణ్ణీ, ఇద్దర్నీ నేనే కన్నాను."

పిల్ల మెట్ల మీద ఉన్న నా వైపు తిరిగింది. "నాయనమ్మా, ఇది ఉల్టా మాటా, సూటి మాటా?"

సూటి మాటే అన్నాను. ఈసారి నమ్మింది. నన్ను చూసి కాదు, వాళ్లమ్మ నోటికి అంటిన మెతుకు చూసి.

నూరో రోజు ఇక్కడే చేశాం. తెల్ల ఆవిరికుడుములు వండి వీధి వీధంతా పంచాం. నూరిళ్ల నోళ్లు తింటే పసివాడికి ఆయుష్షు అని కదా మీ శాస్త్రం. పళ్లేలు పట్టుకెళ్లింది ఉన్‌సిలే. ప్రతి గుమ్మంలోనూ "మా తమ్ముడు చాలా అనాకారిగా ఉంటాడండీ" అని మరీ ఇచ్చింది. గిన్నెలు పగలగొడుతోంది, పిల్లి తోక లాగుతోంది, మంచినీళ్లకి అనుమతి అడగడం మానేసింది. నిన్న నన్ను "చప్పటి నాయనమ్మ" అంది. ఆ మాట ఎక్కడ నేర్చుకుందో నేను అడగడం లేదు. మీరే జవాబు రాయండి.

వచ్చేవారం అందరూ ఇన్‌చన్ వెళ్లిపోతారు. ఓక్‌రిమ్ ఎముకల్లోకి గాలేమీ దూరలేదు, నేను వెతికాను. తేగ్యు అదే ఇంట్లో పక్కగది కూడా అద్దెకి అడిగాడట. అది దొరికేదాకా పిల్ల అమ్మ దుప్పట్లోనే పడుకుంటుందనీ, ఇంటావిడ కర్రతో పొడిస్తే పొడవనీ అని మీ అమ్మాయి తీర్మానం. ఆ నోరు మీ పెంపకం. నాకు నచ్చింది.

మీరు రొయ్యల పని తెమిలాక ఒకసారి మా ఊరు రండి. సామెత నాకూ గుర్తుంది. మా మరుగుదొడ్డి పెరటి చివర, చాలా దూరంగానే ఉంది. సామెతకి ఆ ఒక్క సగం చాలు.

హేరాన్

రాయడం మరిచాను. కుడుములు పంచేటప్పుడు ఉన్‌సిల్ ఒక పళ్లెం వేరుగా పెట్టింది. ఎవరికే అంటే, వంతెన కిందికి అంది. ఇంకెవరైనా అమ్మ పిల్లని వెతుక్కుంటూ వస్తే ఆకలేస్తుంది కదా అని. ఇద్దరం వెళ్లి రాయి మీద పెట్టి వచ్చాం. మర్నాడు చూస్తే పళ్లెంలో కుడుము లేదు. పిచ్చుకలు తిని ఉంటాయి. కానీ నూరో రోజు పళ్లెం ఎవరూ ఖాళీగా తిప్పి పంపరు కదా, ఆ ఆచారం మీకు తెలియనిది కాదు. పళ్లెంలో పసివాడికి దీర్ఘాయుష్షు కోరి బదులుగా పెట్టే తెల్లదారం చుట్ట ఉంది. పిల్ల దాన్ని చాలాసేపు చూసి, "అయితే ఆవిడకీ పిల్ల దొరికినట్టుంది" అని, దారం తెచ్చి తమ్ముడి మెడలో వేసింది.

ఆ దారం ఎవరు పెట్టారని మాత్రం నన్ను అడగకండి. ఇకమీదట సూటిగానే మాట్లాడతానని ఈ పిల్లకి మాటిచ్చి ఇంకా వారం కాలేదు.